ఆటలో ఎవరికి చోటు

మహాభారతమునందలి ఏకచక్రపురమే నిజామాబాదు జిల్లాలోని బోధను పట్టణమని అక్కడి పెద్దలు చెప్పుదురు. బెంగాలులో బీర్భూము జిల్లావారును తమ యూరొకటి ఏకచక్రమే యని చెప్పుకొందురు గనుక ఈ తగవు ఇప్పట్లో తీరునది కాదు. తీరకున్నను నష్టము లేదు. బకాసురుని కథ వినుచు పెరిగిన బోధను పిల్లలకు ఆ రాక్షసుడు తమ యూరి పొలిమేరలోనే కాచుకొని యున్నట్లు తోచును. వారికి అది చాలును.

కథ అందరెరిగినదే. లక్కయింటి నుండి తప్పించుకొనిన పాండవులు బ్రాహ్మణవేషములతో ఏకచక్రపురమున ఒక గృహస్థుని యింట తలదాచుకొనిరి. ఆ యూరివారు వంతుల చొప్పున బకునకు బండెడన్నమును, రెండు దున్నపోతులను, ఒక మనుష్యుని పంపుచుండిరి. ఒకనాడు ఆ గృహస్థుని వంతు వచ్చెను. కుంతీదేవి వారికి మారుగా తన కుమారుడైన భీముని పంపెను. భీముడు రాక్షసుని యెదుటనే కూర్చుండి ఆ యన్నమును భుజించెను. వీపున పడుచున్న దెబ్బలను లక్ష్యపెట్టక, భోజనము ముగిసిన పిదపనే లేచి వానిని కూల్చెను.

ఈ కథను బోధనులో నలుగురు బాలురు ఒక ఆటగా మలచదలచిరనుకొనుడు. కర్రలు పట్టుకొని వీథిలో పరుగులెత్తు ఆట కాదు. బల్లచుట్టును కూర్చుండి మాటలతో ఆడునది. అట్టి ఆటలు లోకమున లేకపోలేదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. అందులో ఒకడు కథను నడుపును. “మీ యెదుట చీకటి గుహ యున్నది, ఏమి చేయుదురు?” అని యతడడుగును. తక్కినవారు తమ తమ పాత్రలు చేయు పనిని చెప్పుదురు. పని నెరవేరినదో లేదో పలుచోట్ల పాచికలు తేల్చును. ఆ పాచికలలో నాలుగు ముఖములవి మొదలుకొని ఇరువది ముఖములవి వరకు గలవు. ఆడువాడు ముందుగా తానే వర్గమునకు చెందినవాడో ఎన్నుకొని, తన శక్తులను కాగితముపై వ్రాసికొనవలెను.

మొదట ఆ యాటలో మూడే వర్గములుండెను: యోధుడు, మాంత్రికుడు, మతగురువు. మతగురువు పుట్టుక చిత్రమైనది. అంతకుముందు ఆర్నెసన్ నడపిన ఆటలో రక్తపిశాచి పాత్రను ధరించినవాడొకడు మితిమీరి బలపడగా, వానిని నిలువరించుటకై ఈ పాత్రను కల్పించిరని చెప్పుదురు. 1975లో దొంగ వచ్చి చేరెను. 1976లో గాయకుడు చేరెను. తరువాతి కాలమున వచ్చినవారికి లెక్క లేదు.

దొంగ వచ్చినప్పుడు జరిగినది ఆలోచింపదగినది. తాళము విప్పుట, చప్పుడు కాకుండ నడచుట, నీడలో దాగుట అతని విద్యలు. వినుటకు బాగుగనే యున్నది. అయితే అంతకుముందు ఈ పనులు ఎవరైనను చేయజూచెడివారే. యోధుడును మునివ్రేళ్లపై నడచెడివాడు, మాంత్రికుడును గోడను తట్టి చూచెడివాడు. దొంగకు ఆ పనులు సొంతమైన పిమ్మట, “అది మన పని కాదు, దొంగ చూచుకొనును” అని తక్కినవారు చేతులు ముడుచుకొనిరని ఆ యాట యెరిగినవారు పలువురు నేటికిని వాదింతురు. ఆ వాదమున నిజము లేకపోలేదు. ఒకనికి కొత్త పీట వేయుట సులభమే. ఆ పీటకై ఎవరి చోటు తగ్గినదో చూచుటయే కష్టము.

ఇక బోధను బాలుర మాట. అమెరికా వారి పట్టికను ఉన్నదున్నట్లు ఎత్తి వ్రాసికొన్నచో మొదటి చిక్కు మాంత్రికునితోనే వచ్చును. ఏకచక్రపురమున నిప్పులు కురిపించు మాంత్రికుడొకడున్నచో, ఊరివారు వంతులు వేసికొని మనుష్యులను పంపుకొనుచుందురా? చచ్చినవానిని లేపగల మతగురువున్నచో, ఆ గృహస్థుని యింట అంతటి దుఃఖమేల? ఆ పాత్ర వచ్చి కూర్చుండిన క్షణముననే ఊరి కన్నీరు అబద్ధమగును. కాబట్టి మాంత్రికుడెంత ముచ్చటైనవాడైనను ఈ కథలో అతనికి చోటు లేదు. పిల్లలు ఒప్పుకొనరు, అయినను లేదు.

బండివాని సంగతి అంత తేలికగా తెగదు. బండెడన్నము అడవి చేరవలెనన్న బండి తోలువాడు వలయును గదా. మంజీరపై కట్టిన నిజాంసాగరు నీటితో ఈ ప్రాంతమున చెరకు పండెను. 1937లో బోధను చెంత శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. 2015లో అది మూతపడినది. ఎద్దుబండ్లపై చెరకు తోలిన కాలమున ఈ యూళ్ల పిల్లలకు ఇరుసునకు కందెన వేయుటయు, దిగుడులో ఎద్దులను నిలువరించుటయు ఎవరును ప్రత్యేకముగ నేర్పవలసిన పని లేకుండెను. అట్టివారి ఆటలో బండివానిని ఒక వర్గముగ చేసినచో నలుగురెరిగిన పనిని ఒక్కనికి కట్టబెట్టినట్లగును. ఎద్దును చేతితో తాకి యెరుగని నిజామాబాదు పట్టణపు బాలుని ఆటలోనైతే అదే బండివాడు గొప్ప విద్యావంతుడు. ఒక యూరి అలవాటు మరియొక యూరికి విద్య. పట్టిక అన్నిచోట్ల ఒక్కటే కాజాలదు.

నీరడికి మాత్రము సందేహము లేకుండ చోటీయవచ్చును. ఏ తూము ఎప్పుడెత్తవలెనో, ఏ మడికి ఎంత నీరు పారవలెనో, కట్ట ఎక్కడ బలహీనముగ నున్నదో అతనికి తెలిసినట్లు తెలంగాణపు పల్లెలో మరియొకనికి తెలియదు. రాక్షసుడు వచ్చు త్రోవను రాత్రికి రాత్రి బురద చేయగలవాడతడే. అతని తెలివి వలన యోధుని బలము తగ్గదు సరికదా, యోధునకు కాలు నిలుపుకొను చోటు దొరకును.

పోరాటమున కవి యేమి చేయునని కొందరు నవ్వవచ్చును. నిజామాబాదు ఖిల్లాలోని చెరసాలను చూచినవారు నవ్వరు. నిజాము ప్రభుత్వమునెదిరించి అందు బందీయైన దాశరథి కృష్ణమాచార్యులు కాగితము లేకపోగా బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసిరి. వట్టికోట ఆళ్వారుస్వామియు ఆ చెరలో ఆయనతో కూడ నుండిరి. బొగ్గుముక్క కత్తి కాదు. కాని ఆ పక్కనున్నవారికి ఆ రాత్రి గడచుటకు అది పనికివచ్చినది. ఆటలో కవికి ఈయవలసిన శక్తియు అదియే.

అన్నట్లు, ఆ నలుగురిలో ఒకడు తన చెల్లెలిని పిలిచి “నీది కుంతి వేషము” అని ఆమె నడుగకయే నిర్ణయింపవచ్చును. బోధను ప్రాంతమున అది చెల్లరాదు. చిందు భాగవతమున స్త్రీలును గజ్జె కట్టి యాడుదురు. 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ ఆ యాటకు తెచ్చిన పేరు ఈ సీమవారెరుగుదురు. చెల్లెలు భీముని కోరినచో భీముని కాగితమే ఆమెకీయవలెను. బండెడన్నము తిన్నానని చెప్పుటలోని సంతోషము బాలురకే పరిమితమైనది కాదు.

ఇప్పటికి యోధుడు, నీరడి, కవి కుదిరిరి. ధైర్యవంతుడని ఇంకొక వర్గమును చేర్చుదమని ఎవడో ఒకడు తప్పక అనును. అక్కడ ఆ బాలురు కలము ఆపి మరల కథను తలచుకొనవలెను. వంతు వచ్చిన నాడు ఆ గృహస్థు తాను పోయెదననెను. భార్య తాను పోయెదననెను. కుమార్తెయు తననే పంపుమనెను. ముగ్గురును ఏడ్చుచుండగా, మాటలింకను సరిగా రాని చిన్నకొడుకు ఒక గడ్డిపరక చేత పట్టుకొని ఒక్కొక్కరి యొద్దకు పోయి, “ఏడువకుడు, దీనితో నేను రాక్షసుని చంపెదను” అని తొక్కుపలుకులతో చెప్పెను. వాడు యోధుడు కాడు, మాంత్రికుడు కాడు. వాని కాగితముపై వ్రాయుటకొక్క శక్తియు లేదు. అంతటి దుఃఖములోను ఆ మాట విని యింటివారి ముఖములు వికసించెను. అంతవరకు బయట నిలిచియున్న కుంతి అదే తగిన సమయమని యెంచి లోనికి వచ్చెను.