దొంగ రీళ్ళు

లెడ్ జెప్లిన్ వాళ్ళకి టీవీ అంటే గిట్టేది కాదు. 1968లో ఇంగ్లండులో పుట్టిన బృందం. ఉన్నది నలుగురే. గిటారుకి జిమ్మీ పేజ్, గొంతుకి రాబర్ట్ ప్లాంట్, బేస్ గిటారుకీ కీబోర్డుకీ జాన్ పాల్ జోన్స్, డ్రమ్ములకి జాన్ బోనమ్. మరుసటి ఏడాది డెన్మార్క్ టీవీకి ఓ అరగంట వాయించారు, పారిస్‌లో ఇంకో టీవీ కార్యక్రమానికి వెళ్ళారు. ఆ పారిస్ వీడియో ఇప్పటికీ అభిమానుల మధ్య తిరుగుతూనే ఉంటుంది. పాట కోసం కంటే ఎదురుగా కూర్చున్న జనం మొహాల కోసం. చప్పట్లు కొట్టాలా చెవులు మూసుకోవాలా తేల్చుకోలేక బిగుసుకుపోయి ఉంటారు పాపం. ఆ రోజుల్లో టీవీ స్పీకరు ఎంత, బోనమ్ కొట్టే దెబ్బ ఎంత! ఆ పెట్టెలో తమ మోత ఇమడదని నలుగురికీ అర్థమైపోయింది. ఆ తర్వాత టీవీ గడప తొక్కడం దాదాపు మానేశారు. ఇంగ్లండులో సింగిల్ రికార్డులు కూడా వెయ్యం అన్నారు. వినాలంటే ఆల్బమ్ కొనుక్కో, చూడాలంటే టికెట్ కొనుక్కుని రా. అంతే బేరం.

ఈ బేరాన్ని కాపలా కాసినవాడు మేనేజరు పీటర్ గ్రాంట్. భారీ మనిషి, ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు. కచేరీలో ఎవరైనా మైకు పట్టుకుని కనిపిస్తే మీద పడి రికార్డరు లాక్కుని పగలగొట్టేవాడు. 1971లో కెనడాలోని వాంకూవర్‌లో అలాగే ఒకతని చేతిలో ఏదో యంత్రం చూసి తుక్కు చేయించాడట. తీరా చూస్తే అతను దొంగ రికార్డులవాడు కాడు, హాల్లో మోత ఎంత ఉందో కొలవడానికి వచ్చిన సర్కారు మనిషి! అభిమానులు ఈ కథని ఎన్నిసార్లు చెప్పుకున్నా మొదటిసారి చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు. ఇందులో న్యాయం ఎవరిదో అడగకండి. నా ఓటు మాత్రం ఆ సర్కారు మనిషికే.

ఇంత కాపలా ఉన్నా జనం తీశారు. 1965లో కొడాక్ సూపర్ ఎయిట్ ఫిల్ము తెచ్చింది. కెమెరా కోటు జేబులో పడుతుంది. ఫిల్ము డబ్బాలోనే వస్తుంది కాబట్టి చీకట్లో తడుముకుంటూ కూడా ఎక్కించొచ్చు. చిక్కల్లా ఒక్కటే. ఒక డబ్బాలో ఉండేది యాభై అడుగుల ఫిల్ము. సెకనుకి 18 బొమ్మల చొప్పున తిరిగితే మూడు నిమిషాల ఇరవై సెకన్లకి ఖాళీ. జెప్లిన్ కచేరీ మూడు గంటలు నడిచేది. జేబులో రెండో మూడో డబ్బాలు పెట్టుకుని వచ్చిన కుర్రాడు ఆ మూడు గంటల్ని పది నిమిషాల్లోకి ఎలా దించాలి? ఎనిమిది సెకన్లు తీస్తాడు, ఆపుతాడు. పేజ్ వయొలిన్ కమాను తీసి గిటారు తీగల మీద రుద్దడం మొదలెట్టగానే మళ్ళీ మీట నొక్కుతాడు. ముందువాడు చేతులెత్తితే తిట్టుకుంటాడు, కాపలావాడు అటు రాగానే కెమెరా కోటులోకి తోస్తాడు. ఏది ఉంచాలి, ఏది వదిలెయ్యాలి అనే లెక్క అక్కడికక్కడ, ఆ మోతలో, ఒళ్ళంతా ఊగుతుండగానే తేలాలి. అలా తీసిన బొమ్మకి శబ్దం కూడా ఉండదు. ధ్వని పట్టే సూపర్ ఎయిట్ 1973లో గానీ రాలేదు, వచ్చాక కూడా అందరూ కొనలేకపోయారు.

శబ్దం పట్టినవాడు వేరే. అతను హాల్లో ఇంకో మూల, ఒళ్ళో క్యాసెట్ రికార్డరు పెట్టుకుని, పక్కవాళ్ళని అరవొద్దని బతిమాలుకుంటూ కూర్చుని ఉంటాడు. 1970 సెప్టెంబరు 4న లాస్ ఏంజెలెస్ ఫోరమ్‌లో జరిగిన కచేరీ అలా టేపులకెక్కి, 'లైవ్ ఆన్ బ్లూబెర్రీ హిల్' పేరుతో దొంగ రికార్డుగా వచ్చింది. అదే ఫోరమ్‌కి తర్వాతి ఏళ్ళలో ఒకాయన చక్రాల కుర్చీలో వచ్చేవాడు. కాళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. కుర్చీ ఎందుకంటే, మంచి స్టీరియో రికార్డరు దాని సీటు కింద దాగుతుంది, పైగా కుర్చీలో వచ్చిన మనిషిని ఎవరూ తడిమి చూడరు. 1977 జూన్ 21 రాత్రి ఆయన పట్టిన టేపు వింటే బోనమ్ మన పక్క గదిలో వాయిస్తున్నాడేమో అనిపిస్తుంది. చేసిన పని పద్ధతైనది కాదని అంటే నేను వాదించను. కానీ ఆ టేపు లేని లోకం కావాలా అంటే, వద్దు.

ఈ ఇద్దరు దొంగలూ ఒకరికొకరు తెలియదు. మూగ బొమ్మ ఒకరి దగ్గర, గుడ్డి పాట ఇంకొకరి దగ్గర. ముప్ఫయ్యేళ్ళో నలభయ్యేళ్ళో అటకల మీదా అరల్లోనూ మగ్గాక, 2005లో యూట్యూబ్ పుట్టాక, మూడోవాడు రంగంలోకి దిగి ఆ రెంటికీ పెళ్ళి చేస్తున్నాడు. జెప్లిన్ అభిమానులు పంచుకునే వీడియోల్లో నాకు అన్నింటికంటే ఇష్టమైనవి ఇవే.

ఆ జోడించే పని చూడాలి! రీలు మీద తారీకుంటే అదృష్టం, పాట పేరు మాత్రం ఎలాగూ ఉండదు. ఎనిమిది సెకన్ల ముక్క ఒకటి, ఆరు సెకన్ల ముక్క ఒకటి. ఇది ఏ పాట? పేజ్ చేతిలో రెండు మెడల గిటారు ఉంటే వెతకాల్సిన పాటలు రెండు మూడే. జోన్స్ మాండొలిన్ పట్టుకుని కూర్చుని ఉంటే అది కచేరీ మధ్యలో కుర్చీలేసుకుని వాయించే భాగం. కమాను కనిపిస్తే చాలావరకు 'డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్', కానీ ఆ పాట ఒక్కోసారి అరగంట సాగుతుంది, అందులో ఏ ఎనిమిది సెకన్లు? ఇక ప్లాంట్ పెదాలు చూడాలి, బోనమ్ చెయ్యి తాళం మీద ఎప్పుడు పడిందో చూడాలి. టేపు వైపు తిప్పలు వేరు. రికార్డరు బ్యాటరీలు నీరసించేకొద్దీ టేపు నెమ్మదిగా తిరిగి ఉంటుంది, కాబట్టి ఇప్పుడు వేస్తే పాట పరిగెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. దాన్ని దించి సరిచెయ్యాలి. క్యాసెట్టు రెండో వైపుకి తిప్పే వేళ పాట తెగిపోయి ఉంటే, అదే కచేరీకి వచ్చిన ఇంకో దొంగ టేపు వెతికి అతుకెయ్యాలి. ఇంత చేస్తే చివరికి వచ్చేది నాలుగు నిమిషాల వీడియో. గింజలు గింజలుగా, ఎర్రగా మసకేసి, మధ్యలో ఎవరిదో జుట్టు అడ్డం. ఉన్నట్టుండి ప్లాంట్ తల విదిలిస్తాడు, సరిగ్గా అదే క్షణంలో అతని కేక వినిపిస్తుంది. నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిని రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి పట్టుకున్న ఇళ్ళు మనకీ ఉన్నాయి. కీర్తన మధ్యలో వంటింటి గిన్నె చప్పుడు కూడా కలిసొచ్చిన ఆ టేపుల్నే ఇవాళ జనం వెతుక్కుని వింటున్నారు. గిన్నె చప్పుడు తీసేసి శుభ్రం చేస్తానంటే నేను ఒప్పుకోను. అదీ ఇదీ ఒక జాతివే.

మరి బృందం వాళ్ళు స్వయంగా తీయించుకున్న సినిమా లేదా అంటే ఉంది. 1973 జులైలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మూడు రాత్రులు తీశారు. తీరా కూర్చేటప్పుడు చూస్తే చాలా చోట్ల బొమ్మే లేదు. మరుసటి ఏడాది ఇంగ్లండులో షెపర్టన్ స్టూడియోలో వేదిక వేసి, వెనకటి బట్టలు తొడుక్కుని, ఖాళీలు పూరించారు. జోన్స్ అప్పటికి జుట్టు కత్తిరించుకున్నాడు, కాబట్టి విగ్గు పెట్టుకున్నాడు. 1976లో 'ద సాంగ్ రిమెయిన్స్ ద సేమ్' పేరుతో అది థియేటర్లకి వచ్చింది. జోన్స్ విగ్గు ఏ షాట్లో ఉందో చూపించే ముక్కలు అభిమానులు ఇప్పటికీ ఒకరికొకరు పంపుకుంటారు. 2003లో వచ్చిన అసలుసిసలు డీవీడీలో సంగతి ఇంకా చిత్రం. 'ఇమిగ్రెంట్ సాంగ్' దగ్గర కనిపించే బొమ్మ 1972 ఫిబ్రవరిలో సిడ్నీలో తీసింది, వినిపించే పాట అదే ఏడు జూన్‌లో కాలిఫోర్నియా లాంగ్ బీచ్‌లో పాడింది. ఊరూ వేరు, నెలా వేరు. మన గుడ్డి టేపుల పెళ్ళిళ్ళ పేరయ్య కనీసం ఒకే రాత్రి తాలూకు వధూవరుల్ని వెతుకుతాడు!

ఇలా అన్నానని ఆ డీవీడీని తీసిపారెయ్యడం లేదు. 1970 జనవరి 9, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్, పేజ్ ఇరవయ్యారో పుట్టినరోజు. మంచి కెమెరాలతో తీసిన ఆ కచేరీ ముప్ఫయ్యేళ్ళు డబ్బాల్లో ఉండిపోయి ఆ డీవీడీలోనే పూర్తి హంగులతో బయటికొచ్చింది. బోనమ్ కర్రలు పక్కన పడేసి ఉత్త చేతులతో డ్రమ్ములు బాదే ఘట్టాన్ని నేను ఎంతమందికి పంపానో నాకే గుర్తులేదు. ఆ కుర్రాడికి అప్పటికి ఇరవై ఒకటి. ఇంకో పదేళ్ళకి, 1980 సెప్టెంబరు 25న పోయాడు. అతను లేకుండా బృందం లేదని మిగతా ముగ్గురూ ఆ డిసెంబరులో చెప్పేశారు. పన్నెండేళ్ళ సంసారం, టీవీలో కనిపించింది లేదన్నంత తక్కువ, సినిమా ఒక్కటి. ముక్కల కోసం జనం ఇంత ఆత్రపడటంలో వింతేముంది?

మా కాలేజీ హాస్టల్ నాటి మిత్రులకో వాట్సాప్ గుంపు ఉంది. కొందరు హైదరాబాదులో, కొందరు డాలస్‌లో, ఒకడు ఎప్పుడూ విమానాశ్రయంలో. అక్కడ ఈ ముక్కలు పడ్డప్పుడల్లా ముందు తేలాల్సింది సంవత్సరం. పంపినవాడు రాసిన ఏడాదిని ఎవడూ నమ్మడు. పేజ్ నల్ల సూటు మీద డ్రాగన్ కుట్టుంటే 1975 అని ఒకడు, తెల్ల సూటు మీద ఉంటే 1977 అని ఇంకొకడు. బోనమ్ డ్రమ్ములు తేనెరంగు అద్దంలా మెరుస్తుంటే 1973కీ 1975కీ మధ్య, స్టీలువైతే ఆ తర్వాత. ప్లాంట్ పైస్థాయికి ఆగకుండా వెళ్ళిపోతే 1973కి ముందుదే అని మూడోవాడు తీర్పిస్తాడు. జీవితంలో వేరే ఏ విషయంలోనూ వీళ్ళు ఇంత శ్రద్ధగా సాక్ష్యాలు చూడరు.

జెప్లిన్ అంటే ఎవరో తెలియనివాళ్ళు కూడా పంపే వీడియో ఒకటుంది. 2012 డిసెంబరులో వాషింగ్టన్ కెన్నెడీ సెంటర్ సత్కారం. బాల్కనీలో ముగ్గురు పెద్దమనుషులు మెడలో రిబ్బన్లు వేసుకుని కూర్చుని ఉంటే, కింద హార్ట్ బృందపు అక్కచెల్లెళ్ళు ఆన్ విల్సన్, నాన్సీ విల్సన్ 'స్టెయిర్‌వే టు హెవెన్' అందుకుంటారు. డ్రమ్ముల దగ్గర ఉన్నది బోనమ్ కొడుకు జేసన్. గాయకబృందం తెర వెనక నుంచి బయటపడేసరికి అందరి తలల మీదా బోనమ్ తరహా టోపీలు. ప్లాంట్ కళ్ళలో నీళ్ళు. ఆ పాట పాడటం అంటేనే మొహం చిట్లించే ప్లాంట్! 'చూశావా' అని ఇది నాకు పంపనివాళ్ళు తక్కువ. చూశాను. మళ్ళీ చూశాను. అందంగా ఉంది, కెమెరాలు ఎక్కడుండాలో అక్కడున్నాయి, కన్నీరు సరిగ్గా పట్టారు. అందుకే కాబోలు, దొంగ రీలు పెట్టే గిలిగింత ఇది పెట్టదు.

బృందం వాళ్ళు చూడొద్దన్నది కూడా అభిమానులు పంచుకుంటారు. 1985 జులై 13, ఫిలడెల్ఫియాలో లైవ్ ఎయిడ్ సహాయ కచేరీ. మిగిలిన ముగ్గురూ కలిసి వేదికెక్కారు. లండన్‌లో పాడి కాంకార్డు విమానంలో ఎగిరొచ్చిన ఫిల్ కాలిన్స్ డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. రిహార్సల్ సరిగ్గా లేదు, ప్లాంట్ గొంతు బొంగురు, పేజ్ గిటారు శ్రుతి ఎక్కడో. 2004లో లైవ్ ఎయిడ్ డీవీడీ వేస్తే తమ భాగం వద్దన్నారు. అయినా ఆ ఇరవై నిమిషాలూ ఏదో ఒక మూల దొరుకుతూనే ఉంటాయి. ఇక్కడ మాత్రం నాకు మనసు ఒప్పదు. పెద్దవాళ్ళు తప్పటడుగేసిన రోజుని తీసి తిప్పడంలో అభిమానం ఎంత, ఎకసెక్కం ఎంత? మా గుంపులో పడితే తెరవకుండా పోనిస్తాను. తెరిచి చూసినవాడు ఎలాగూ అంతా చెప్పేస్తాడనుకోండి.

2007 డిసెంబరు 10న లండన్ ఓ2 అరీనాలో ఒక్క రాత్రికి మళ్ళీ కలిశారు. టికెట్ల కోసం రెండు కోట్ల దరఖాస్తులొచ్చాయని వార్తలు, హాల్లో పట్టేది ఇరవై వేల మంది. తెల్లారేసరికి ఫోన్ వీడియోలు లోకమంతా పాకాయి. కచేరీ సినిమా 'సెలబ్రేషన్ డే' విడుదలైంది 2012లో. మధ్యలో అయిదేళ్ళు ఆ రాత్రిని మోసింది ఆ వణికే ఫోన్లే. అడ్డుకోవడానికి పీటర్ గ్రాంట్ లేడు, 1995లోనే పోయాడు. ఉన్నా ఇరవై వేల జేబులు ఎక్కడ తడుముతాడు?

ఇప్పుడు కాపలా యంత్రాలది. పాట గుర్తుపట్టి వీడియోని మాయం చేస్తాయి, లేదా బొమ్మ ఉంచి గొంతు నొక్కేస్తాయి. ఎంతో కష్టపడి పెళ్ళి చేసిన రీలు మళ్ళీ మూగదవుతుంది. ఆల్బమ్ పాటని ఎత్తుకొచ్చి పెట్టినవాడికి ఆ శిక్ష న్యాయమే, డబ్బు కట్టి వినే దారులు బోలెడున్నాయి. ఎవరూ పట్టించుకోని రాత్రిని పట్టుకున్నవాడిదీ అదే నేరం అంటే మాత్రం నాకు మింగుడుపడదు.

మనకి దగ్గరి కథ ఒకటుంది. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చారు. అక్కడి వాద్యకారులతో కలిసి 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్' పాటల్ని స్టూడియోలో కొత్తగా రికార్డు చేశారు. తబలా, వయొలిన్ల మధ్య ఆ పాటలు 2015లో గానీ అధికారికంగా బయటికి రాలేదు. ఆ రోజుల్లోనే కొలాబాలోని స్లిప్ డిస్క్ అనే క్లబ్బులో అప్పటికప్పుడు వాద్యాలు అడిగి పుచ్చుకుని ఇద్దరూ వాయించారు. మా గుంపులో ఎవడో ఒకడు ఉండి ఉండి అడుగుతాడు, బొంబాయి వీడియో ఏమైనా దొరికిందా అని. సూపర్ ఎయిట్ జేబులో వేసుకుని తిరిగే కుర్రాడెవరైనా ఆ రాత్రి ఆ క్లబ్బులో ఉండుంటే ఇప్పుడు డెబ్బయ్ దాటి ఉంటాయి. అయ్యా, అటక మీది ఆ డబ్బా మనవలకి ఇచ్చి చూడమనండి. శబ్దం లేకపోయినా ఫర్వాలేదు.