అందరూ వెళ్లిపోయినా ఉండిపోయిన ఇంజినీర్

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్లు మనలో బోలెడు మంది. నేనూ ఆ బ్యాచే. అందుకేనేమో, డాక్టర్ టామ్ కటీనా గురించి చదువుతుంటే ఒక చోట కళ్లు ఆగిపోయాయి. ఆయన డిగ్రీ కూడా మెకానికల్ ఇంజినీరింగే! అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో చదివారు. ఆ తర్వాత మెడిసిన్ చేసి, నేవీలో డాక్టరుగా పనిచేసి, కాథలిక్ మిషనరీగా ఆఫ్రికా వెళ్లారు.

ఇదంతా ఊరికే చదవలేదు. మా చెల్లి బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. దక్షిణ సుడాన్‌లో ఒక మిషన్ ఆస్పత్రికి వెళ్తానంటోంది. అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. ‘నువ్వైనా చెప్పరా, నీ మాటైతే వింటుంది’ అన్నాడు నాన్న. ఏదైనా చెప్పాలంటే ముందు అలాంటి చోట బతుకు ఎలా ఉంటుందో తెలియాలి కదా!

కటీనా ఉండేది దానికి పై దేశమైన సుడాన్‌లో, నూబా కొండల్లో. అక్కడ గిడెల్ అనే చోట కాథలిక్ చర్చి కట్టించిన మదర్ ఆఫ్ మెర్సీ ఆస్పత్రి ఉంది. కెన్యాలో కొన్నేళ్లు చేశాక, 2008లో ఆయన అక్కడికి చేరారు. 2011 జూన్‌లో ప్రభుత్వ సైన్యానికీ తిరుగుబాటుదారులకీ యుద్ధం మొదలైంది. బయటి సంస్థలవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. కొన్నేళ్లపాటు అక్కడి లక్షల మందికి ఆయనొక్కరే సర్జన్.

ఆంటనోవ్ విమానం చప్పుడు వినిపిస్తే చాలు, జనం గోతుల్లోకి దూకేవాళ్లు. ఆస్పత్రి ఆవరణలోనూ అలాంటి గోతులు తవ్వుకున్నారు. 2014 మేలో ఆస్పత్రి మీదే బాంబులు పడ్డాయి. బయటి సాయాన్ని ప్రభుత్వం అడ్డుకోవడంతో మందులు దక్షిణ సుడాన్ వైపు నుంచి మట్టిరోడ్ల మీద రావాలి. వానలు పడితే ఆ దారీ కష్టమే. కాన్పులు, మలేరియా, బాంబు గాయాలు... అన్నీ ఆ ఒక్క చోటే. నూబాలో ఒకే ఇంట్లో ముస్లింలూ క్రైస్తవులూ ఉండటం మామూలే. ఆస్పత్రిలో అందరికీ ఒకటే వైద్యం.

నన్ను బాగా పట్టేసింది మాత్రం ఇల్లు సంగతి. 2016లో, యాభై దాటాక, ఆయన నసీమా అనే నూబా నర్సును పెళ్లి చేసుకున్నారు. బయటి నుంచి వచ్చినవాడికి ఎప్పుడూ ఒక దారి తెరిచే ఉంటుంది. జేబులో పాస్‌పోర్ట్ ఉంటుంది. నసీమా వాళ్లకి ఆ సౌకర్యం లేదు. పెళ్లితో ఆ కొండలు ఆయనకు అత్తారిల్లు అయిపోయాయి. అక్కడి యుద్ధం ఇక వేరేవాళ్ల యుద్ధం కాదు. 2023 ఏప్రిల్‌లో సుడాన్ మళ్లీ రగిలింది. ఇళ్లు వదిలిన జనం ఆ కొండలకే వచ్చారు.

మనకి ఇదేం కొత్త కథ కాదు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చింది. ఆస్పత్రి కట్టించి, 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూసింది. మా నానమ్మ పుట్టింది ఆ ఆస్పత్రిలోనే. ‘ఆవిడ వాళ్లమ్మ కూడా ఏడ్చే ఉంటుందిరా. ఆ అమ్మ వద్దంటే నేను పుట్టేదాన్నా?’ అంటుంది నానమ్మ. అమ్మ ఏం మాట్లాడదు. ఇద్దరిదీ నిజమే. సేవ చేసేది ఒకరైతే, దాని ఖర్చులో సగం ఇంట్లోవాళ్లే కడతారు.

అందుకే చెల్లితో వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ‘ధైర్యం సంగతి వదిలెయ్యి. గొడవలు మొదలైతే మిమ్మల్ని ఎవరు, ఎలా బయటికి తీసుకొస్తారు? అక్కడి నర్సులకి నేర్పించి వస్తావా, నువ్వు వచ్చేస్తే ఆగిపోయే పని చేస్తావా? ఈ రెండూ కనుక్కో’ అన్నాను.

‘మొదటిది అడిగాను అన్నయ్యా. రెండోది అడగలేదు’ అంది. ఆ రాత్రే మెయిల్ పెట్టింది.

ఒప్పందం రెండేళ్లకి. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. కానీ మొన్న మెల్లగా అడిగింది: ‘అక్కడ బియ్యం దొరుకుతాయట్రా?’