సూర్యుడు సెలవు పెట్టే ఊరు

నవంబరు చివర్లో సూర్యుడు సెలవు పెట్టేస్తాడు. సంక్రాంతి దాకా మళ్లీ తొంగిచూడడు. ఆ ఏడు వారాలూ ఊళ్లో ఎండ పొడ ఉండదు. ఉన్నదల్లా మంచు, చీకటి, సముద్రం మీంచి వీచే చలిగాలి. అలాంటి చోటికి ఎవరైనా పనిగట్టుకుని, దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టుకుని మరీ వెళతారా? వెళతారు... ఒకరూ ఇద్దరూ కాదు, ఏటా వేలమంది! నార్వే ఉత్తరాన ఉన్న ఆ ఊరి పేరు ట్రోమ్సో.

చలిని చూసేందుకు తెల్లవారుజామునే లంబసింగికి పరుగులు తీసే మనవాళ్లకు ఈ సరదా బాగానే అర్థమవుతుంది. కాకపోతే లంబసింగిలో పొద్దెక్కగానే మంచు తెర విడిపోతుంది. ట్రోమ్సోలో నడి చలికాలంలో పొద్దెక్కడమన్నదే ఉండదు!

గడ్డకట్టని సముద్రం

ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్ల ఉత్తరాన, చుట్టూ కొండలు, మధ్యలో సముద్రపు పాయలు... వాటి నడుమ ఓ చిన్న దీవి. దానిమీదే ట్రోమ్సో నగరం. జనాభా 80 వేలకు కాస్త తక్కువ. అక్కడో విశ్వవిద్యాలయం, సినిమా పండుగలు, కాఫీ దుకాణాలు... దేనికీ లోటుండదు. దీవి నుంచి అవతలి ఒడ్డుకు వెళ్లేందుకు 1960లో కట్టిన కిలోమీటరు పొడవు వంతెన ఉంది. అది దాటగానే మంచు పలకల్ని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినట్టు కనిపించే ఆర్కిటిక్ కెథడ్రల్ ఎదురవుతుంది. కట్టింది 1965లో. ఇంకాస్త ముందుకెళ్లి రోప్‌వే ఎక్కితే 421 మీటర్ల ఎత్తున కొండ అంచుకి చేరుస్తుంది. అక్కణ్నుంచి చూస్తే వేల దీపాలతో ఊరంతా నల్లటి నీళ్ల మీద తేలుతున్నట్టే ఉంటుంది.

అంత ఉత్తరాన ఉన్నా అక్కడి సముద్రం గడ్డకట్టదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం నార్వే తీరం పొడవునా పారుతూ ఉండడమే కారణం. ఇదే అక్షాంశంలోని సైబీరియా ఊళ్లలో మైనస్ 30 డిగ్రీలు మామూలు. ట్రోమ్సోలో మాత్రం జనవరి సగటు మైనస్ 3, 4 డిగ్రీలే! మంచుకి మాత్రం కొదవలేదు. 1997 ఏప్రిల్‌లోనైతే ఏకంగా 240 సెంటీమీటర్ల మందాన పేరుకుపోయింది.

పట్టపగలు నీలి వెన్నెల

నవంబరు 27 నుంచి జనవరి 15 వరకూ ధ్రువ రాత్రి. అక్కడివాళ్లు ‘మోర్కెటిడ్’ అంటారు. చీకటి కాలమని అర్థం. అలాగని ఇరవైనాలుగు గంటలూ కటిక చీకటి అనుకుంటే పొరపాటే. మధ్యాహ్నం వేళ సూర్యుడు దిగంతానికి కాస్త కిందిదాకా వచ్చి వెనుదిరుగుతాడు. ఆ రెండుమూడు గంటలూ ఆకాశం, కొండలు, మంచు... అన్నీ ముదురు నీలంలోకి మారిపోతాయి. దక్షిణాన సన్నటి గులాబీ రంగు చార. చూస్తుండగానే అదీ చెరిగిపోయి, మధ్యాహ్నం రెండింటికే రాత్రి మొదలవుతుంది.

ఆకుపచ్చ తెరలు

ట్రోమ్సోకి వెళ్లేవారిలో ఎక్కువమంది కోరుకునేది ఒకటే... అరోరా. సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాల్ని భూమి అయస్కాంత క్షేత్రం ధ్రువాల వైపు మళ్లిస్తుంది. అవి వంద కిలోమీటర్లకు పైన గాలిలోని వాయువుల్ని ఢీకొన్నప్పుడు వెలుగు పుడుతుంది. ఆక్సిజన్ వల్ల ఆకుపచ్చ, ఇంకా ఎత్తులోనైతే ఎరుపు, నైట్రోజన్ వల్ల నీలం, ఊదా రంగులు. వందేళ్ల కిందటే క్రిస్టియన్ బిర్కెలాండ్ అనే నార్వే శాస్త్రవేత్త ప్రయోగశాలలో చిన్న అయస్కాంత గోళంతో ఈ సంగతి చేసి చూపించాడు. అన్నట్టు, సూర్యుడు రాని ఊళ్లో జనం ఎగబడి చూసేది సూర్యుడు పంపిన వెలుగునే!

2024 మేలో వచ్చిన సౌర తుపానుకి మన లద్దాఖ్‌లోని హాన్లేలోనూ ఆకాశం ఎర్రబడింది. అలాంటివి మనకు అరుదు. ట్రోమ్సో మాత్రం అరోరా తరచూ ఏర్పడే వలయం కిందే ఉంది. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా ఎప్పుడైనా కనిపించొచ్చు. కానీ మబ్బు పడితే అంతే సంగతులు. అందుకే గైడ్లు సాయంత్రం వాతావరణ పటాలు ముందేసుకుని, మబ్బులేని ఆకాశాన్ని వెతుక్కుంటూ ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దు దాకా బస్సుల్ని తీసుకెళతారు. మరో మాట... ఫొటోల్లో కనిపించేంత చిక్కటి రంగులు కంటికి ప్రతిసారీ కనిపించవు. మొదట పలచటి బూడిదరంగు మబ్బులానే అనిపిస్తుంది. అదృష్టం బాగుంటే, ఆ మబ్బే ఉన్నట్టుండి ఆకుపచ్చ తెరలా రెపరెపలాడుతుంది.

అదృష్టం బాగోకపోతే? మూడు రాత్రులుండి ఆకాశంలో ఒక్క గీత కూడా చూడకుండా తిరిగొచ్చేవారూ ఉంటారు. అరోరా ఒక్కటే లెక్కలో పెట్టుకుని వెళ్లినవారికి ఆ ప్రయాణం లాటరీ టికెట్టే. చలికాలాన్ని చూద్దామని వెళ్లినవారు మాత్రం ఉత్తచేతులతో రారు.

చీకటితో చెలిమి

2014లో కారీ లీబోవిట్జ్ అనే అమెరికా పరిశోధకురాలు ట్రోమ్సో వచ్చింది. ఇంత చీకట్లో ఉండీ ఇక్కడివాళ్లు ఎందుకు కుంగిపోవడం లేదన్నది ఆమె సందేహం. తీరా చూస్తే చాలామందికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. చలికాలమంటే పళ్లబిగువున భరించాల్సింది కాదు, ఇష్టంగా గడపాల్సింది అన్నది వారి లెక్క. ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఆ ధోరణి మరింత పెరుగుతోందని ఆమె అధ్యయనంలో తేలింది. అలాగని కష్టమే లేదని కాదు. ఆ రోజుల్లో నిద్ర పట్టక ఇబ్బందిపడేవాళ్లూ అక్కడ తక్కువేమీ కాదు.

మరి గడిపేదెలా? డిసెంబరు వస్తే ప్రతి కిటికీలో కాగితపు నక్షత్రాలు, దీపాల తోరణాలు వెలుగుతాయి. ఆఫీసు నుంచి రాగానే దీపాలు పెట్టిన మంచు బాటల్లో స్కీయింగుకి బయల్దేరతారు. పసిపిల్లల్ని వెచ్చగా చుట్టి, తోపుడు బండిలో ఆరుబయటే నిద్రపుచ్చుతారు. పెద్దల కోట్లకీ పిల్లల సంచులకీ చీకట్లో మెరిసే బిళ్లలు వేలాడుతుంటాయి. వాహనాలకు కనిపించడానికన్నమాట. కాడ్ చేప కాలేయం నుంచి తీసిన నూనె రోజూ ఓ చెంచాడు తాగుతారు... ఎండ ఇవ్వని విటమిన్ డి కోసం. ఇక రాత్రిపూట నలుగురూ కొవ్వొత్తుల చుట్టూ చేరి వేడివేడిగా ఏదో తాగుతూ కబుర్లాడుకోవడాన్ని ‘కూషెలి’ అంటారు. మనం చలిమంట చుట్టూ కూర్చున్నప్పటి హాయి ఉంటుందే... అలాంటిదే!

రెయిన్‌డీర్ల నేల

నార్వేవాళ్లకన్నా ముందు నుంచీ ఆ ఉత్తర నేల సామీ తెగవారిది. రెయిన్‌డీర్ల మందలే వారిలో కొంతమందికి ఆస్తి. ఒకప్పుడు వారి భాషను బడుల్లో మాట్లాడనివ్వలేదు. ఇప్పుడు వారికి సొంత పార్లమెంటు ఉంది. ఫిబ్రవరి 6న సామీ జాతీయ దినం. ఆ వారమంతా ట్రోమ్సోలో పండగే. ఊరి ప్రధాన వీధిలో రెయిన్‌డీర్ల పరుగు పందేలు పెడతారు. స్కీలు తొడుక్కున్న మనుషుల్ని అవి లాక్కుంటూ దూసుకుపోతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. ఊరి బయటి సామీ శిబిరాల్లో పిల్లలు వాటికి మేత పెట్టొచ్చు, గుడారంలో మంట దగ్గర కూర్చుని పెద్దలు చెప్పే కథలు వినొచ్చు. అన్నట్టు, వేసవిలో బంగారు రంగులో ఉండే రెయిన్‌డీర్ కంటి లోపలి పొర చలికాలానికి నీలంగా మారుతుంది. చీకట్లో బాగా కనపడడానికే ఈ ఏర్పాటు.

ఆ మందలకు ఇప్పుడు కొత్త కష్టం వచ్చిపడింది. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రాంతం భూమి సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో వచ్చిన అధ్యయనం చెప్పింది. నడి చలికాలంలో మంచుకు బదులు వాన పడుతోంది. ఆ నీరు మంచు మీద గట్టి పెంకులా గడ్డకడుతుంది. దానికింద ఉండే నాచులాంటి మేతను అందుకోలేక రెయిన్‌డీర్లు ఆకలితో అలమటిస్తాయి. ఎవరెక్కడ పొగ వదిలినా, ఆ పెంకు పడేది వాటి కంచం మీదే. అంతదూరం విమానంలో వెళ్లేవారి వాటా కూడా అందులో ఉంది. వెళితే మూడు రోజులకు ముగించకుండా తీరిగ్గా ఉండి రావడం మేలు అనేది అందుకే.

వెళ్లాలనుకుంటే...

* వీసా: నార్వేకి షెంజెన్ వీసా తీసుకోవాలి. ఓస్లో నుంచి ట్రోమ్సోకి విమానంలో సుమారు రెండు గంటలు. ఆ ఊరికి రైలు లేదు.

* ఎప్పుడు: నీలి మధ్యాహ్నాలు చూడాలంటే డిసెంబరు, జనవరి. పిల్లలతోనైతే ఫిబ్రవరి, మార్చి నయం. మంచు దండిగా ఉంటుంది, పగలూ ఉంటుంది. చలికి భయపడేవారికి దసరా సెలవులున్నాయి. అప్పుడు ఊళ్లో మంచు ఉండకపోయినా అరోరా కనిపించే వీలుంది.

* దుస్తులు: ఒంటికి ఆనుకుని ఉన్ని బట్టలుండాలి. నూలుబట్ట చెమట పీల్చుకుని చల్లబడిపోతుంది. నేల జారుడు కాబట్టి చెప్పులకు తగిలించుకునే ముళ్ల పట్టీలు అక్కడే కొనుక్కోవచ్చు. చలికి ఫోను బ్యాటరీ త్వరగా అయిపోతుంది. లోపలి జేబులో పెట్టుకోవాలి.

* తిండి: హోటళ్లలో ధరలు గుండె గుభేలుమనిపిస్తాయి. వంటగది ఉన్న బస చూసుకుంటే సగం భారం తగ్గుతుంది. పాలు, మాంసం పదార్థాల్ని మన దేశం నుంచి తీసుకెళ్లనివ్వరు. నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేయాలి! మంచినీళ్లు కొననక్కర్లేదు, కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు.

ఇక్కడ మనం సంక్రాంతి ముగ్గులు వేసుకునే రోజుల్లోనే అక్కడ ధ్రువ రాత్రి ముగుస్తుంది. చుట్టూ కొండలు అడ్డుండటంతో ఊరివాళ్లకు సూర్యుడు కనిపించేసరికి జనవరి 21 అవుతుంది. ఆరోజు బేకరీల ముందు బారులు తీరి, లోపల జామ్ పెట్టిన గుండ్రటి ‘సూర్యుడి బన్నులు’ కొనుక్కుంటారు. పిల్లలు కొండల మధ్య సందుకేసి కళ్లప్పగించి చూస్తారు. సూర్యుడు ఉండేది కొద్ది నిమిషాలే. మబ్బుపట్టి ఆ కాస్తా కనిపించకపోయినా బన్నులు మాత్రం తినాల్సిందే!