కారెక్కిన చేపల పులుసు

చేపల పులుసు మర్నాటికే రుచి అంటారు కదా! సీటు మీద ఒలికిన పులుసు సంగతి వేరు.

మా మరిది ఊరినుంచి తెస్తున్న క్యారియర్ మూత ఊడి వెనకసీటంతా పులుసే. నాలుగు రోజుల్లో అమ్మాయిని పురిటికి తీసుకురావాలి. ఏడో నెలొచ్చినా దానికి వేవిళ్ళు తగ్గలేదు, వాసన తగిలితే చాలు డోకు. మావారు సెంటు డబ్బా తెచ్చి తగిలించారు. మల్లెపూలూ చేపలూ కలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

వేడినీళ్ళు పోయబోతుంటే ఆపాను. వేడికి చేపలోని మాంసకృత్తులు గుడ్డకి పట్టేస్తాయి. చన్నీళ్ళే మేలు. రుద్దకుండా పొడిగుడ్డతో అద్దాలి. చేపవాసనది క్షారగుణం. ముక్కల్ని మనం చింతపండు, నిమ్మరసం వేసి కడిగేది అందుకే. సీటుకీ అదే వైద్యం: ఒక వంతు వెనిగర్, రెండు వంతుల నీళ్ళు. రంగు పోతుందేమో ముందు ఓ మూల చూసుకోండి. పాలో పెరుగో ఒలికితే మాత్రం వంటసోడా చల్లాలి, అది పులుపు వాసన కనక.

అసలు శత్రువు తడి. లోపలి స్పాంజి ఆరకపోతే మక్కిన వాసన కొత్తగా పుడుతుంది. రెండు రోజులు తలుపులు బార్లా తీసి ఎండలో పెట్టాం, పిల్లులకి కాపలా కాస్తూ!

తీరా ఏసీ వేస్తే మళ్ళీ గుప్పుమంది. చాలా కార్లలో ముందు సొరుగు వెనకాల గాలి ఫిల్టరుంటుంది, అది మార్పించాక గానీ వదల్లేదు. అమ్మాయి దారిలో డోకు అనలేదు, ఆకలంది. ఇప్పుడు ఎవరి క్యారియరైనా సరే, బకెట్లో నిలబెట్టి కాళ్ళ దగ్గరే!