బిందె బరువు

మా అమ్మ తల దువ్వుకున్నాక దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను వేలికి చుట్టి, ఉండ చేసి, వసారా గోడ సందులో చెక్కేది. ఇంట్లో ఆడవాళ్లందరివీ అక్కడికే చేరేవి. నాయనమ్మ తెల్ల వెంట్రుకలు మాత్రం వేరే పెట్టేది, వాటికి ధర రాదని. నాలుగైదు నెలలకోసారి ఒకాయన సైకిల్ వెనక గంప కట్టుకుని వచ్చేవాడు. "ఎంటికలకు గిన్నెలూ, పాత బట్టలకు గిన్నెలూ" అని వాడంతా వినపడేట్టు అరిచేవాడు. 1982లో, నాకు తొమ్మిదేండ్లప్పుడు, అమ్మ ఆరు నెలల వెంట్రుకలూ, రెండు పాత చీరలూ, పైన కొంగుముడి విప్పి నాలుగు రూపాయలూ ఇచ్చి ప్లాస్టిక్ బిందె తీసుకుంది. నీలం రంగుది. మా వాడలో అది మొదటిదో, రెండోదో.

మొన్న నలుగురు స్నేహితులం కూర్చున్నప్పుడు మాట వచ్చింది. తక్కువ డబ్బుతో కొన్న వస్తువుల్లో మన బతుకును నిజంగా సులువు చేసింది ఏది? ఒకామె మిక్సీ అంది. ఒకామె కుక్కర్ అంది. ఇంకొకామె కాస్త సిగ్గుపడుతూ నైటీ అంది, అందరం ఒప్పుకున్నాం. నాకు ఆ నీలం బిందె గుర్తొచ్చింది కానీ ఒక్క మాటలో చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

బిందె ఇంట్లోకి రాగానే నాన్న అన్న మొదటి మాట, "ఇంట్ల బిందెలు లెవ్వా?" ఉన్నాయి. ఇత్తడివి రెండు. అమ్మ పెండ్లికి తల్లిగారు తూకమేసి కొనిచ్చినవి. మాది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ దిక్కు పల్లె. కరువు ఆ నేలకు చుట్టం. వానలు పడని ఏడు ఆ రెండు బిందెల్లో ఒకటి షావుకారు ఇంటికి పోయేది, పంట చేతికొచ్చాక తిరిగొచ్చేది. ఇత్తడిని కుదువ పెట్టొచ్చు. ప్లాస్టిక్‌ను ఎవరు పెట్టుకుంటారు? నాన్న కోపంలో న్యాయం లేకపోలేదు. కాకపోతే ఆయన లెక్కలో బిందె అంటే అమ్మితే ఎంత వస్తుందో అంత. దాన్ని నెత్తిన పెట్టుకునే మనిషికి అది ఎంత బరువన్న లెక్క ఆ ఇంట్లో ఎవరూ వెయ్యలేదు.

ఇప్పుడు నేను వేస్తున్నాను. ఆ ఇత్తడి బిందె వట్టిదే నాలుగు కిలోలు. నీళ్లు పదిహేను లీటర్లు, అంటే పదిహేను కిలోలు. ప్లాస్టిక్ బిందె కిలో కూడా లేదు. రోజుకు ఆరు తిరుగుళ్లు అనుకుంటే పద్దెనిమిది కిలోల దండగ బరువు అమ్మ మెడ మీద నుంచి దిగిపోయింది. అమ్మకు ఈ కూడికలు తెలియవు. మొదటి రోజు సుట్టబట్ట తీసి దండెం మీద వేస్తూ, "మెడ అల్కగైంది బిడ్డా" అని మాత్రం అన్నది.

ఆ తరవాత జరిగింది ఎవరూ అనుకోనిది. అప్పటిదాకా అమ్మ నీళ్లు తెచ్చేది ఇంటికి నాలుగు అడుగుల దూరంలో ఉన్న బోరింగు నుంచి. ఊరి బయట, చెరువు కట్ట కింద ఒక పాత చేదబావి ఉండేది. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయని అందరికీ తెలుసు. కానీ ఇత్తడి బిందెతో అంత దూరం రోజూ ఎవరు పోతారు? నీలం బిందె వచ్చాక అమ్మ తాగేందుకూ వండేందుకూ ఆ బావి నీళ్లే తేవడం మొదలుపెట్టింది. ఎందుకే అంత దూరం అని నాయనమ్మ అడిగితే, "బోరింగు నీళ్లల్ల పప్పు ఉడుకుతలేదత్తా" అంది.

ఫ్లోరైడ్ సంగతి అమ్మకు తెలియదు. దానికి రంగూ వాసనా రుచీ లేవు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా దిక్కున అనేక బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. రాళ్ల పొరల్లోంచి నీళ్లలోకి దిగే ఈ ఫ్లోరైడ్ సాధారణంగా పైపై బావుల్లో కన్నా లోతు బోర్లలో ఎక్కువ. పాల పళ్లు పోయి వచ్చే పళ్లు చిగుళ్ల కింద తయారయ్యే ఏండ్లలో పిల్లలు ఆ నీళ్లు తాగితే పళ్ల మీద మరకలు పడతాయి, ఎన్ని పళ్లపొడులు రుద్దినా పోవు. నా పళ్లు అలాంటివే. కాలేజీలో చేరేదాకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వలేదు నేను. పెండ్లిచూపుల్లో ఇద్దరు ఆ మాట బయటికే అన్నారు. బిందె కొన్న ఏడాది ముందు పుట్టిన మా తమ్ముడి పళ్లు తెల్లగా ఉంటాయి. అది ఆ బిందె పుణ్యమేనని రుజువు చెయ్యలేను. కానీ మా ఇద్దరి ఫొటో ఎప్పుడు చూసినా వెంట్రుకల ఉండలే గుర్తొస్తాయి.

ప్రభుత్వం, శాస్త్రవేత్తలు ఏమీ చెయ్యలేదని కాదు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ మా జిల్లా పేరుతోనే 'నల్లగొండ టెక్నిక్' తయారుచేసింది. నీళ్లలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగు పౌడరు కలపాలి, ఫ్లోరైడ్ మడ్డిలో కలిసి అడుక్కు దిగుతుంది, పైన తేరిన నీళ్లు వాడుకోవాలి. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దాకా ఆ పేరు పోయింది. ఇంటి మట్టుకు ఒక పెద్ద బకెట్టు, దానికి అడుగు కాస్త వదిలి నల్లా. చవకైన పద్ధతే. కాకపోతే ఆ పటిక ఎవరు కలుపుతారు, పది ఇరవై నిమిషాలు ఎవరు తిప్పుతారు, తేరేదాకా గంటసేపు పిల్లల్ని నీళ్ల జోలికి పోకుండా ఎవరు కాస్తారు, ఆ మడ్డి ఎక్కడ పారబోస్తారు? ఇదంతా ఉత్తపుణ్యానికి దొరికే చాకిరీ అనుకుంటేనే అది చవక. పొద్దుగూకేదాకా చేన్లో ఉండే మా అమ్మకు ఆ గంట ఎక్కడిది?

ఉద్యోగం రీత్యా నేను మహబూబ్‌నగర్ వచ్చాక బస్టాండులో ఇంకో రకం బిందెలు చూశాను. పాలమూరు లేబర్ అని పేరుపడ్డ జనం, బొంబాయికీ పూణేకూ పోయే కుటుంబాలు. బట్టల మూట, బియ్యం సంచి, దానికి తాడుతో బిగించిన ప్లాస్టిక్ బిందె. నా విద్యార్థిని ఒకమ్మాయి చెప్పింది: "మా అమ్మ వలస పోయేటప్పుడు అన్నిటికన్నా ముందు బిందె తీసి బయట పెడ్తది మేడం. అది లేకుంటే ఆడ కొత్త చోట నీళ్లు ఎవరిస్తరు?" పగిలితే వేడి చేసిన ఇనుప చువ్వతో అతుకు పెట్టుకుంటారట. ఆ అతుకులు నేనూ చూశాను, కుట్లు వేసిన గాయాల్లా ఉంటాయి.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఓ సెమినార్‌లో ప్లాస్టిక్ గురించి గట్టిగా మాట్లాడారు. మట్టికుండకూ రాగిచెంబుకూ తిరిగి వెళ్లాలన్నారు. చెప్పినవన్నీ నిజాలే, మా చెరువు కట్ట కింద ఇవాళ ఏముందో నాకు తెలుసు. అయినా చేయి ఎత్తి ఒక మాట అడగాలనిపించింది, ఆ కుండ మోసేది ఎవరని. అడగలేదు. వెనక్కి వచ్చేప్పుడు బస్సులో నా మీద నాకే కోపం వచ్చింది.

తరవాత 2000ల చివర్లో మా ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టారు. ఇరవై లీటర్ల క్యాను ఐదు రూపాయలు. అమ్మ సంఘంలో రోజుకో రూపాయి చొప్పున దాచుకున్న పొదుపులోంచి కొంత తీసి ఖాళీ క్యాను కొనుక్కుంది. అప్పుడు చూశాను ఒక వింత. నలభై ఏండ్లలో ఒక్కసారి కూడా బిందె ముట్టని నాన్న, క్యానును టీవీయస్ బండి ముందు పెట్టుకుని పోయి నీళ్లు తెచ్చాడు. మర్నాడూ తెచ్చాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ప్లాంటు దగ్గర వరసలో ఉన్నవాళ్లలో సగానికి పైగా మగవాళ్లే. బరువుకు వస్తే బిందె కన్నా క్యానే ఎక్కువ. నడుం మీదా నెత్తి మీదా పెట్టుకోవాల్సిన ఆకారం కాకపోవడం, బండి ఎక్కడం, అంతే తేడా! ఇన్నేండ్లూ అమ్మ అడ్డుపడింది నీళ్ల బరువుకా, బిందె ఆకారానికా అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. నాన్న క్యాను దింపి, "ఎక్కడ పెట్టాలె?" అని అడిగినప్పుడు అమ్మ మొహం చూడాల్సింది. అప్పటికే ఆమె మోకాళ్లు లేవనంటున్నాయి. మెడ పూర్తిగా పక్కకు తిరగదు. అది ఆ నీళ్ల వల్లనో, మోసిన బరువు వల్లనో ఏ డాక్టరూ విడదీసి చెప్పలేదు.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు. ఆ తరవాత ఇంటి ముందుకు నల్లా వచ్చింది. అమ్మ ఇంకా తాగడానికి క్యాను నీళ్లే కావాలంటుంది. నల్లా నీళ్లు గోలెంలోకి, బర్రెలకు. చెప్పి చూశాం, వినదు. నీళ్ల విషయంలో ఆమె ఎవరి మాటా నమ్మదు.

నీలం బిందె ఎప్పుడో చిల్లుపడి కోళ్లకు గూడై, ఆ తరవాత ఏమైందో ఎవరికీ గుర్తు లేదు. ఇత్తడి బిందె మాత్రం అటక మీద ఉంది. పోయిన దసరాకు తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చి దాన్ని దింపాడు. చింతపండు పెట్టి తోమించి, వాళ్ల ఫ్లాటు హాల్లో ఎండు పూలు పెట్టుకుంటానన్నాడు. పాత వస్తువులంటే ఇప్పుడు మోజు కదా.

అమ్మ మంచం మీద కూర్చుని చూస్తోంది. "కొండవోనియ్యి" అంది నాతో. "గాని ఒక్కపారి నీళ్లు నింపి నెత్తికెత్తుకొమ్మను. గా బావి కాడికెళ్లి ఇంటిదాంక."

తమ్ముడు పెద్దగా నవ్వాడు. బిందెను పాత దుప్పట్లో చుట్టి కారు డిక్కీలో పెట్టుకున్నాడు.