కూడిక గుర్తు నేర్పిన పాఠము

గడచిన వేసవి సెలవులలో మేము అన్నదమ్ములము ఇరువురము ఒక పుస్తకమును చూచి వెబ్ పేజీలు నిర్మించుట నేర్చుకొంటిమి. ఆ నేర్పువలన మాకు గలిగిన సంతోషమును, దాని వెంటనే వచ్చిన సిగ్గుపాటును సహపాఠులకు విన్నవింపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా నివాసము మాదాపూరు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి గారు ఇచ్చట సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించిరి. నాటినుండి యీ ప్రాంతమున అద్దాల మేడలు ఒకదాని వెంట నొకటి లేచినవి. 2019లో మెట్రో రైలు కూడ ఇచ్చటికి వచ్చినది. ఆ మేడలకు పోవు త్రోవలో మా తల్లిగారు టిఫిను బండి నడుపుదురు. మేడలలో పనిచేయు ఇంజనీర్లు తిన్న వెంటనే ఫోనుతో డబ్బు చెల్లించి పోవుదురు. కావలివారు, ఊడ్చువారు, డ్రైవర్లు మాత్రము ఖాతా పెట్టుకొని, చేతిలో డబ్బు ఆడినప్పుడు తీర్చుచుందురు. ఆ ఖాతాలన్నియు నూనెమరకలు పడిన యొక నోటుపుస్తకములో నుండెడివి. దానికి బదులుగా కంప్యూటరులో లెక్కలు చూపు పేజీ నొకదానిని చేసి తల్లిగారి శ్రమ తగ్గింపవలెనని మాకు కోరిక పుట్టెను.

ఆబిడ్సులో ఆదివారము నాడు కాలిబాటలపై పాత పుస్తకము లమ్ముదురు. అచ్చట మాకు జావాస్క్రిప్టును పాఠముల వరుసగా బోధించు ఇంగ్లీషు పుస్తక మొకటి దొరకినది. ఇంటిలో పాత ల్యాప్‌టాపు ఉండెను. ప్రతి రాత్రియు బండి సామాను కడిగి పెట్టిన తరువాత, ఒకరు చదువగా నొకరు టైపు చేయుచు పాఠములు సాగించితిమి.

ఈ విద్య తెలియనివారికొరకు రెండు మాటలు చెప్పుదుము. వెబ్ పేజీని మన వార్షికోత్సవ నాటకముతో పోల్చవచ్చును. హెచ్‌టీఎంఎల్ అనునది రంగముపై నెవరెవరు నిలువవలెనో చెప్పును. సీఎస్ఎస్ వారికి వేషము వేయును. జావాస్క్రిప్టు వారిచేత మాటలాడించును. 1989లో జెనీవా నగరము చెంత నున్న సెర్న్ అను పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ గారు వెబ్బును ప్రతిపాదించినప్పుడు, శాస్త్రజ్ఞులు తమ పత్రములను పరస్పరము చదువుకొనుటయే ముఖ్యోద్దేశము. 1995లో నెట్‌స్కేప్ కంపెనీయందు బ్రెండన్ ఐక్ గారు పది దినములలో జావాస్క్రిప్టు తొలిరూపమును సిద్ధపరచిరి. అప్పటినుండి పేజీలు చదువరి చేతికి ప్రత్యుత్తర మిచ్చుట మొదలిడినవి.

మా మొదటి మీట రెండు దినములవరకు పలుకలేదు. ఎన్నిమారులు నొక్కినను పేజీ కదలలేదు. తుద కారణము తెలిసెను. బ్రౌజరు పేజీని పైనుండి క్రిందికి చదువును. మేము ఆజ్ఞలను పేజీ మొదట వ్రాసి, మీటను క్రింద నుంచితిమి. ఇంకను పుట్టని మీటకు ఆజ్ఞ యిచ్చినచో అది యెట్లు వినును? ఆజ్ఞలను పేజీ చివరకు మార్చగానే మీట పలికెను. ఆ రాత్రి మా కేకలకు పొరుగువారు మేలుకొనిరి. మా పుస్తకము పాతదగుటచే 2015లో ఆ భాషకు చేరిన ‘లెట్’, ‘కాన్‌స్ట్’ అను మాటలు అందు లేవు. అయినను అది నేర్పిన పాత మాటలు నేటి బ్రౌజరులలోను చెల్లుచునే యున్నవి.

ఈ విజయముతో మాకు తొందర హెచ్చెను. నడుమనున్న రెండు అధ్యాయములను దాటి, ఖాతా పేజీని ముగించితిమి. ఒక్కొక్క పేరు చెంత పాతబాకీకి ఒక గడి, తిన్నదానికి ఒక గడి, చెల్లించినదానికి ఒక గడి, ఒక మీట. పరీక్షింపదలచి బాకీ గడిని ఖాళీగా విడిచి, తిన్నది 40 అని వేసితిమి. 40 అని చూపెను. చెల్లించినది 30 అని వేసితిమి. 10 అని చూపెను. రెండును సరియే. తల్లిగారు, “నోటుపుస్తకము గూడ కొన్నాళ్లు ఉండనిండు, నాయనా” అనిరి. మేము నవ్వి, అక్కరలేదంటిమి.

పాలమూరు ప్రాంతమునుండి వచ్చి ఒక మేడ ద్వారమున కావలి కాయు వృద్ధు డొకడు మా బండికడకు వచ్చుచుండును. మేము తాతా యని పిలుతుము. అతని పాతబాకీ 10 రూపాయలు. ఆ ఉదయమున 5 రూపాయల సమోసా యొకటి తిని, బాకీ యంతయు తీర్చెదననెను. మేము మీట నొక్కగా 105 అని వచ్చెను. బండి చుట్టును జనము మూగియుండిరి. ఎవరును ఆలోచింపలేదు. తాత యొక నిమిషము తెరవంక చూచి, సంచిలోనుండి నోట్లు తీసి లెక్కపెట్టి యిచ్చి వెళ్లెను.

మూడవనాడు ఒక డ్రైవరుకు 20 రూపాయల బాకీ యుండగా 30 రూపాయల ఇడ్లీ తినెను. తెరపై 2030 అని వచ్చెను. అతడు ఫక్కున నవ్వి, “ఈ ధరకు బండినే కొనవచ్చును గదా!” అనెను. మాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి దాటవేసిన అధ్యాయములను చదివితిమి. గడిలో టైపు చేసిన అంకె జావాస్క్రిప్టు దృష్టికి సంఖ్య గాదు, వట్టి యక్షరముల వరుస. తీసివేత గుర్తు అట్టి వరుసలను సంఖ్యలుగా మార్చి తీసివేయును. కూడిక గుర్తుకో, రెండు పనులు గలవు: సంఖ్యలైనచో కూడును, అక్షరములైనచో ఒకదాని ప్రక్క నొకటి అతికించును. అందుచే 10 ప్రక్కన 5 అతికి 105 అయ్యెను. ఖాళీ ప్రక్కన 40 అతికినను 40యే గనుక మా పరీక్షలో తప్పు బయటపడలేదు. ‘నంబర్’ అను నొక్క మాటను చేర్చి, గడిలోని వ్రాతను ముందుగా సంఖ్యగా మార్చిన చాలును. పుస్తకము ఆ సంగతిని స్పష్టముగా చెప్పియే యున్నది. తప్పు మాది.

2030 అను పెద్ద తప్పు తన్ను తానే చాటుకొన్నది. 105 అను చిన్న తప్పు నిజమువలె నటించి, ఒక బీదవాని సంచిలోనుండి 90 రూపాయలు తీసికొన్నది. అది తలచుకొన్నప్పుడు మాకు నిద్రపట్టలేదు. మరునాడు ఆ మేడకు పోగా తాతను వేరొక మేడకు మార్చిరని చెప్పిరి. మూడు సాయంకాలములు వెదకి అతనిని కనుగొంటిమి. 90 రూపాయలు చేతిలో బెట్టి, జరిగినది చెప్పితిమి. అతడు కోపింపలేదు. “పదునైదే యగునని నాకును తోచినది, బిడ్డా. కాని చదువుకొన్న మీరు చేసిన యంత్రము చెప్పినదానిని కాదనుటకు నేనెవడను?” అనెను.

ఆ మాట మాకు దెబ్బకంటె ఎక్కువగా తగిలెను. అతనికి లెక్క తెలియును; మాకే తెలియలేదు. అయినను మా చదువుపై గల గౌరవముచేత తన లెక్కను తానే తప్పనుకొనెను. సామెతల గ్రంథమునందు దొంగత్రాసు నిందింపబడినది. మా త్రాసు దొంగది గాదు, తెలివితక్కువది. కాని డబ్బు పోగొట్టుకొన్నవానికి ఆ రెంటికిని భేదమేమి?

ఇప్పుడు ఆ పేజీ సరిగా పనిచేయుచున్నది. నోటుపుస్తకమును మరల బండిమీదికి వచ్చినది. ప్రతి రాత్రియు తల్లిగారు వ్రేళ్లు మడచుచు, పైకి చదువుచు, లెక్క కూడుదురు. వారు మొత్తము చెప్పువరకు మేము తెరవంక చూడము.