ఇంటోళ్ళు ఎందరు, తెరలు ఎన్ని

ఓటీటీ అనగానే మన క్లాసులో అందరం సినిమా గురించో హీరో గురించో మాట్లాడుకుంటాం. నేను ప్లాన్ల గురించి రాస్తానంటే, అది కామర్స్ వాళ్ళు రాసుకోవలసింది కదే అని మా రూమ్మేట్ నవ్వింది. నవ్వనీ. రెండేళ్ళుగా మా ఇంట్లో పండగ పూట జరిగే వాదులాట అంతా ఈ ప్లాన్ల మీదే.

ధరల మెట్లు ఎలా ఉంటాయో తెలియాలంటే అందరికీ తెలిసిన నెట్‌ఫ్లిక్స్‌నే చూడండి. 2021 డిసెంబరులో మన దేశంలో ధరలు తగ్గించి నెలకి 149, 199, 499, 649 రూపాయలని నాలుగు రకాలు పెట్టారు. 149ది ఫోనుకీ ట్యాబ్‌కీ మాత్రమే, బొమ్మ 480. 199ది టీవీలో కూడా వస్తుంది, బొమ్మ 720, కానీ ఒకసారికి ఒకటే తెర. 499కి 1080, రెండు తెరలు. 649కి 4కె, ఒకేసారి నాలుగు తెరలు.

ఈ 480, 1080 అంటే బొమ్మలో పైనుంచి కిందికి ఉండే చుక్కల వరుసలు. 1080 బొమ్మలో మొత్తం ఇరవై లక్షల పైచిలుకు చుక్కలుంటాయి, 4కెలో దాదాపు 83 లక్షలు. ఏడు చుక్కల ముగ్గుకీ ఇరవైయొక్క చుక్కల ముగ్గుకీ ఉండే తేడా అనుకోండి. అయితే వాకిలి మూరెడు ఉంటే ఇరవైయొక్క చుక్కలు ఎక్కడ పెడతాం? మా ఊళ్ళో అవ్వ దగ్గరున్నది 32 అంగుళాల పాత టీవీ. దాని తెరలో ఉండేదే 768 వరుసలు. 4కె పంపించినా అది చూపించేది అంతే. ఫోన్లలో ఇంకో చిక్కుంది. వైడ్‌వైన్ అని ఒక తాళం ఉంటుంది, సినిమాని కాపీ కొట్టకుండా. కొన్ని తక్కువ ధర ఫోన్లలో అది ఎల్3 రకం. అలాంటి ఫోనులో మనం ఎంత పెద్ద ప్లాన్ కట్టినా చాలా సర్వీసులు 480 దాటనివ్వవు. మన హాస్టల్లో సగం మంది నెట్ సరిగ్గా లేదని వార్డెన్ మేడంని తిట్టుకుంటారు గానీ, ఒకసారి ఫోనులో ఆ తాళం ఏ రకందో చూసుకోండి.

నాకు ఒకటే అర్థం కాదు. తెరలు ఎక్కువ కావాలంటే బొమ్మ కూడా పెద్దది ఎందుకు కొనాలి? నలుగురు మనుషులు నాలుగు చోట్ల చూసేవాళ్ళు ఉంటే, వాళ్ళ గోడల మీద నాలుగు 4కె టీవీలు కూడా ఉంటాయని ఈ ప్లాన్లు రాసినవాళ్ళ నమ్మకం. మా లాంటి ఇళ్ళల్లో మనుషులు ఎక్కువ, టీవీలు చిన్నవి. నాలుగు తెరలు, మామూలు బొమ్మ అని ఒక ప్లాన్ ఉంటే మా వాదులాట ఉండేదే కాదు.

మా ఇంట్లో తీసుకున్నది నేను పైన చెప్పిన కంపెనీది కాదు, ఇంకొకటి. ధరలు వేరే అయినా మెట్లు ఆ తీరే. బెంగళూరులో ఉండే మా మేనత్త అన్నిటికన్నా పెద్ద ప్లాన్ కట్టింది. హోసూరులో మా నాయన, దెంకణికోట పక్క ఊళ్ళో చిన్నాయన, ఇద్దరూ ఉగాదికి అత్త చేతిలో తమ వాటా పెట్టేవాళ్ళు. అత్త వద్దనేది, తర్వాత తీసుకునేది. ప్రొఫైళ్ళకి పేర్లు పెట్టింది నేనే. నాలుగోది 'అవ్వ' అని తెలుగులో రాసి, దానికి ఎర్ర బొమ్మ పెట్టాను, చదవకుండానే గుర్తుపడుతుందని.

అవ్వ చూసేది పాత సినిమాలే. మాయాబజార్ 1957లో వచ్చింది, 2010లో దానికి రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. ఆ రంగులది ఒకసారి నేను పెట్టి చూపిస్తే, "సావిత్రికి ఎవురే ఇంత పసుపు పూసింది, తీసెయ్యి" అనింది. ఆమెకి నలుపు తెలుపే కావాల. పక్కన చిన్నాయన పిల్లలు కూర్చునేవాళ్ళు. తమిళనాడులో 2006 చట్టం వచ్చినాక బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది కదా, ఆ పిల్లలకి తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో మాట్లాడే తెలుగులో సగం కన్నడమూ తమిళమూ ఉంటాయి. కానీ ఘటోత్కచుడి డైలాగులు మాత్రం ఎస్వీ రంగారావు లాగే గొంతు పెంచి చెప్తారు.

ఇవన్నీ ఒకెత్తు. అందరూ ఒకే అకౌంటులో ఉండడం వల్ల మాకు ఇంకో ఉపయోగం ఉండేది, దాన్ని ఏ ప్లాన్ పట్టికలోనూ రాయరు. ఎవరి ప్రొఫైల్ తెరిచినా, సగంలో ఆపిన సినిమా కింద ఎర్ర గీత ఎంతవరకు వచ్చిందో కనపడుతుంది. పడుకునే ముందు అవ్వ గీత ఇరవై నిమిషాల దగ్గర ఉండి, నేను పొద్దున కాలేజీకి బయల్దేరేటప్పటికి చివరికి వచ్చేసి ఉంటే, రాత్రంతా మోకాళ్ళ నొప్పితో అవ్వకి నిద్ర లేదని తెలిసేది. అమ్మకి చెప్తే అమ్మ ఫోన్ చేసేది. ఒకసారి మూడు రోజులు గీత కదల్లేదు. నాయన బండేసుకొని పోతే, అవ్వ జ్వరంతో మంచం మీదుంది. "మీకెందుకులే చెప్పేది అనుకుంటి" అందంట. చిన్నాయన వాళ్ళు పెండ్లికని సేలం పోయున్నారు.

నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 2017లో, పాస్‌వర్డ్ పంచుకోవడమే ప్రేమ అన్నట్టు ట్విట్టర్లో రాశారు. 2023 జూలైలో వాళ్ళే మన దేశంలో, ఒక అకౌంటు ఒక ఇంటికి మాత్రమే అన్నారు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే ఆ దారిలోకి వచ్చారు, మా సర్వీసు కూడా వచ్చింది. అది తప్పని నేను వాదించను. సినిమా తీసినవాళ్ళకి డబ్బులు రావాలి, పాస్‌వర్డ్ ఊరంతా పంచితే ఎక్కడి నుంచి వస్తాయి? నాకు పట్టుకున్నది 'ఇల్లు' అనే మాట. మన జనాభా లెక్కల్లో ఒక కుటుంబం అంటే ఒకే వంటగదిలో వండింది తినేవాళ్ళు. ఈ కంపెనీలకి ఒక ఇల్లంటే ఒకే ఇంటర్నెట్ వాడేవాళ్ళు. పొయ్యి పోయి వైఫై డబ్బా వచ్చింది. చిన్నాయన ఇంట్లో ఆ డబ్బా కూడా లేదు, ఫోను హాట్‌స్పాటే.

ఒకరోజు అవ్వ టీవీలో ఇంగ్లీషులో ఏదో వచ్చి నిలిచిపోయింది. చిన్నాయన కొడుకు దాన్ని చదివి చెప్పాడు. ఆ రాత్రి అవ్వ నాకు ఫోన్ చేసింది. "ఏమ్మే, మేము మీ ఇంటోళ్ళం కాదంట కదా, టీవీలో రాసుందంట?"

అది కంపెనీ వాళ్ళ రూలు అవ్వా, మనది కాదు అని చెప్పాను. అత్త మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పెండ్లై బెంగళూరు పోయి ముప్పై ఏళ్ళైనా, తన అకౌంటులో పుట్టింటి వాళ్ళు ఉండడం ఆమెకి ఒక లెక్క.

ఇప్పుడు చిన్నాయన తన ఫోనులోకి అన్నిటికన్నా చిన్న ప్లాన్ వేసుకున్నాడు. అది టీవీకి ఎక్కదు. అవ్వకి కంటి ఆపరేషన్ అయినాక ఆరంగుళాల తెర ఆనదు, కాబట్టి ఫోను దిండు పక్కన పెట్టుకొని వింటుంది. సినిమాని రేడియో చేసుకుంది. పిల్లలు ఒకటి రెండు రోజులు పక్కన కూర్చుని లేచిపోయారు.

నాయన కాగితం మీద లెక్క వేశాడు. నెట్‌ఫ్లిక్స్ ధరలతోనే చూసినా, 199ది మూడు ఇళ్ళకి విడివిడిగా తీసుకుంటే 597, ఒక్క పెద్ద ప్లాన్ 649. మా సర్వీసులోనూ దాదాపు అలాగే వస్తుంది. అవ్వకి టీవీలో కనపడుతుంది, అందరికీ కొంచెం మిగులుతుంది. అత్త ఒప్పుకోవడం లేదు. తన ఇంట్లో ఇప్పుడు చూసేది ఇద్దరే, రెండు తెరలు ఊరికే ఉన్నాయి, అయినా 4కెకి కడుతూనే ఉంది. రూలు మళ్ళీ మారితే అప్పుడేం చేస్తారు, ఉండనీయండి అంటుంది. అమ్మ నాయన వైపు. నేను కూడా నాయన వైపే, కానీ విడి అకౌంటైతే ఆ ఎర్ర గీత మాకు కనపడదు. అది నాయనకి గుర్తు చేస్తే, "రోజూ ఫోన్ చెయ్యి, దానికి ప్లాన్ అక్కర్లేదు" అన్నాడు. చేస్తున్నాను. ఫోనులో అడిగితే అవ్వ ప్రతిసారీ బాగా నిద్రపోయినా అనే చెప్తుంది.

ఉగాదికి అత్త ప్లాన్ గడువు అయిపోతుంది. తెరలు ఎక్కువ, బొమ్మ మామూలుగా ఉండే ప్లాన్ ఏ కంపెనీలోనైనా మీలో ఎవరికైనా కనపడితే, గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో చీటీ వేయండి. సెకండియర్ అని రాస్తే చాలు, నాకు చేరుతుంది.